ఆగస్టులో వారం రోజుల కైట్‌సర్ఫింగ్: రామేశ్వరమా, కల్పిటియానా?

భీమిలి_తీరం

అందరికీ నమస్కారం. విశాఖ నుంచి ముగ్గురం ఆగస్టు రెండో వారంలో ఏడు రోజులు కైట్‌సర్ఫింగ్‌కి, అంటే పెద్ద గాలిపటం లాగుతుంటే బోర్డు మీద నిలబడి నీళ్ళపై జారే ఆటకి, వెళ్దామనుకుంటున్నాం. మా పరిస్థితి ఇది:

ఒకరు 75 కిలోలు. పాఠాలు పూర్తయ్యాయి, రెండు వైపులా బోర్డు మీద పోగలరు గానీ గాలికి ఎదురెక్కి బయల్దేరిన చోటికే తిరిగి రావడం ఇంకా కుదరడం లేదు. రెండో వారు 62 కిలోలు, మూడు గంటల పాఠం అయింది, కైట్ ఎగరేయడం వరకే వచ్చు. మూడో వారు 88 కిలోలు, పూర్తిగా కొత్త. ముగ్గురికీ ఈత బాగా వచ్చు.

అడగదలచినవి మూడు. రామేశ్వరం మంచిదా, శ్రీలంకలోని కల్పిటియా మంచిదా? సామాను కొనుక్కోవాలా, అక్కడ అద్దెకు తీసుకోవాలా? జులైలో రుషికొండ దగ్గర నాలుగు రోజులు సాధన చేసి వెళ్తే ఉపయోగం ఉంటుందా?

---

పైరగాలి

ముందు నెల సంగతి చూడండి, తీరం సంగతి ఆ తర్వాత. ఒకే తీరం ఆగస్టులో ఒకలా, జనవరిలో ఇంకోలా ఉంటుంది. మీరనుకున్న ఆగస్టు రెండు చోట్లా మంచి నెలే.

కారణం నైరుతి రుతుపవనం. ఆ గాలి కేరళలో వానంతా కురిపించేసి, పడమటి కనుమల సందుల్లోంచి పొడిగా తమిళనాడు దక్షిణం వైపు దిగుతుంది. ఆరల్వాయ్‌మొళి కనుమ దగ్గర ముప్పందల్‌లో అన్ని గాలిమరలు పెట్టింది అందుకే. అదే గాలి మన్నార్ సింధుశాఖ మీదుగా ఇటు రామేశ్వరం, అటు కల్పిటియా చేరుతుంది. రామనాథపురం జిల్లా వానచాటు ప్రాంతం, వాళ్ళకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కాబట్టి జూన్ నుంచి సెప్టెంబరు వరకు వాన తక్కువ, గాలి ఎక్కువ. అక్టోబరు, నవంబరు మాత్రం వద్దు. గాలి దిక్కు మారే కాలం, తుపానుల కాలం. డిసెంబరు చివర్నుంచి మార్చి దాకా ఈశాన్య గాలి వీస్తుంది గానీ కాస్త మెత్తగా ఉంటుంది.

రామేశ్వరంలో ఆగస్టులో గాలి తరచుగా 15 నుంచి 22 నాట్స్ మధ్య ఉంటుంది. ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. కల్పిటియాలో 18 నుంచి 25 మామూలు, కొన్ని మధ్యాహ్నాలు 30 దాకా పోతుంది. తేడా చిన్నదనిపిస్తుంది గానీ గాలి బలం వేగానికి వర్గంలో పెరుగుతుంది: 15 నుంచి 21 నాట్స్‌కి వెళ్తే కైట్ లాగే బలం దాదాపు రెట్టింపు. ముగ్గురిలో ఇద్దరు నేర్చుకునేవాళ్ళే కనుక నేనైతే రామేశ్వరమే అంటాను. వీసా పని లేదు, మోకాలి లోతు నుంచి నడుము లోతు దాకా నీళ్ళున్న చోట్లు చాలానే ఉన్నాయి. పడితే లేచి నిలబడొచ్చు. నేర్చుకునేవాళ్ళకు ఇంతకు మించిన వరం లేదు.

దీవికి రెండు వైపులా రెండు సముద్రాలున్నాయని గుర్తుంచుకోండి. ఉత్తరాన పాక్ అఖాతం, దక్షిణాన మన్నార్ సింధుశాఖ. ఆగస్టు గాలి దక్షిణం, నైరుతి నుంచి వస్తుంది కాబట్టి దక్షిణపు ఒడ్డున గాలి మిమ్మల్ని ఒడ్డు వైపే తోస్తుంది. ఉత్తరపు ఒడ్డున సముద్రంలోకి తోస్తుంది. ఉత్తరం వైపు నీళ్ళు అద్దంలా ప్రశాంతంగా కనిపించి ఊరిస్తాయి, కానీ అక్కడ తాడు తెగినా, కైట్ పడి లేవకపోయినా మీరు తేలుతూ పోయేది శ్రీలంక సరిహద్దు వైపు. వెంట పడవ లేకుండా ఆ వైపు దిగవద్దు.

ధనుష్కోటి కొస, అరిచల్‌మునై, చూసి రావడానికి మాత్రమే. రెండు సముద్రాలు కలిసే చోట నీటి లాగుడు ఘోరంగా ఉంటుంది. 1964 డిసెంబరు తుపాను ఆ ఊరిని తుడిచిపెట్టిన సంగతి తెలిసిందే.

ఇంకో మాట. మన చుక్కల అమావాస్యే తమిళులకు ఆడి అమావాస్య. పితృకార్యాలకు రామేశ్వరం కిక్కిరిసిపోయే రోజు అది. జులై చివర్లోనో ఆగస్టులోనో వస్తుంది. పంచాంగం చూసి, ఆ రోజుకి అటూ ఇటూ రెండు రోజులు ఊళ్ళో గదుల మీద ఆశ పెట్టుకోవద్దు. పాఠాలు చెప్పే బడుల దగ్గరే బస ఉంటే అది ముందే ఖాయం చేసుకోండి.

---

సరుగుడు_తోపు

మూడో ప్రశ్నకి నా జవాబు: రుషికొండ వద్దండి. గాలి లేక కాదు, ఉన్న గాలి దిక్కు బాగోక.

విశాఖ తీరం ఈశాన్యం నుంచి నైరుతికి ఏటవాలుగా ఉంటుంది, సముద్రం ఆగ్నేయంగా. జులై నైరుతి గాలి సరిగ్గా ఒడ్డు వెంబడి వస్తుంది. కాస్త పడమరకు తిరిగిందంటే చాలు, ఒడ్డు నుంచి లోపలికి తోసే గాలి అయిపోతుంది. పైగా అది కొండల మీదుగా దిగి వస్తుంది. కొండ దాటిన గాలి సుడులు తిరుగుతుంది: ఒక నిమిషం 8 నాట్స్, మరో నిమిషం 20. కైట్ నెత్తి మీదికి కూలబడుతుంది, లేదంటే ఒక్కసారిగా లాగేస్తుంది. దీనికి తోడు వానాకాలంలో కెరటాలు ఒడ్డు మీదే విరుగుతాయి, రాళ్ళున్నాయి, లోపలికి లాగే ప్రవాహాలున్నాయి. ఆర్కే బీచ్‌లో ఏటా పోయే ప్రాణాలు ఆ ప్రవాహాల వల్లే.

ఆ నాలుగు రోజులూ మైదానంలో చిన్న శిక్షణ కైట్‌తో గడపండి. 2 లేదా 3 మీటర్లది (కైట్ సైజు అంటే చదరపు మీటర్లే), రెండు తాళ్ళది. చెట్లు, కరెంటు తీగలు, మనుషులు లేని ఖాళీ స్థలం కావాలి, గాలి 8 నుంచి 12 నాట్స్ ఉంటే చాలు. తల మీద గడియారం ఉందనుకోండి: నడినెత్తిన 12, ఎడమ చేతి పక్కన 9, కుడి పక్కన 3. కళ్ళు కైట్ మీద పెట్టకుండా దాన్ని 11 దగ్గర నిలపడం, 1 దగ్గర నిలపడం, ఒంటి చేత్తో నిలపడం వచ్చేదాకా చేయండి. 62 కిలోల వారికీ 88 కిలోల వారికీ ఇది నాలుగు గంటలు గట్టిగా పడితే అక్కడ డబ్బు కట్టే మొదటి పాఠం సగం మిగులుతుంది.

---

నాలుగు_తాళ్ళు

సామాను గురించి. కొత్త ఇద్దరూ ఏదీ కొనొద్దు. పాఠం గంటల్లో కైట్, బార్ (తాళ్ళు కట్టి ఉండే, చేత్తో కైట్‌ని తిప్పే కర్ర), బోర్డు మామూలుగా బడి వాళ్ళవే ఉంటాయి. మొదటిసారి కొన్న కైట్ మూడు నెలల తర్వాత పనికిరాని సైజుగా తేలడం మామూలే. 75 కిలోల వారు కొనాలనుకుంటే ముందు నడుముకి సరిగ్గా పట్టే హార్నెస్ (కైట్ లాగుడిని ఒంటితో మోయడానికి కట్టుకునే పట్టీ), తర్వాత హెల్మెట్, చేతులు బాగా ఆడనిచ్చే తేలుడు జాకెట్ కొనుక్కోండి. అద్దెకు దొరికే హార్నెస్ వదులైతే రెండో గంటకే పక్కటెముకల దాకా ఎక్కి గీసుకుపోతుంది.

సైజుకి ఒక చేతిలెక్క: బరువుని గాలి వేగంతో భాగించి 2.2తో గుణించాలి. రెండు కొసలూ ఒకేలా ఉండే మామూలు ట్విన్‌టిప్ బోర్డుకి ఇది బాగానే సరిపోతుంది. 18 నాట్స్ గాలిలో 62 కిలోలకు 7.6, 75 కిలోలకు 9.2, 88 కిలోలకు 10.8 వస్తుంది. అంటే 8, 9, 11 మీటర్లు. గాలి 24 అయితే అదే వరుసలో దాదాపు 6, 7, 8. ముగ్గురూ పంచుకునేట్టయితే 7, 9, 12 ఉంటే ఆ వారమంతా గడుస్తుంది. నేర్చుకునేవాళ్ళు లెక్కకి వచ్చిన దానికన్నా ఒక సైజు తక్కువ తీసుకోవాలి. బోర్డు 75 కిలోలకి 138 సెంటీమీటర్లు, 88కి 142 పైన.

ఇప్పుడు అద్దె సామాను చేతికిచ్చినప్పుడు చూసుకోవాల్సినవి. మొహమాటం లేకుండా ప్రతిసారీ చూడండి.

మొదటిది, తాళ్ళ పొడవు. నాలుగు తాళ్ళ కొసలూ ఒకే గుంజకి తగిలించి, పవర్ తగ్గించే పట్టీని పూర్తిగా వదిలి, బార్‌ని దగ్గరికి లాక్కుని వెనక్కి వాలండి. నాలుగూ ఒకేసారి బిగుసుకోవాలి, బార్ అడ్డంగా తిన్నగా ఉండాలి. బరువంతా మోసేది మధ్యనున్న రెండు ముందు తాళ్ళు, కాబట్టి వాడకంలో సాగేవి అవే. అవి సాగితే వెనక తాళ్ళు పొట్టివైనట్టు లెక్క. అప్పుడు బార్ లాగీ లాగకముందే కైట్ ఊపిరాడనట్టు నిలిచిపోయి వెనక్కి నడుస్తూ నీళ్ళలో కూలుతుంది. కొత్తవాళ్ళు అది తమ చేతి తప్పనుకుని రోజంతా అవస్థ పడతారు. తేడా 2 సెంటీమీటర్లున్నా తెలుస్తుంది. వెనక తాళ్ళ కొసన ఉండే ముడుల్లో ఒక ముడి బయటికి జరిపితే సరిపోతుంది.

రెండోది, క్విక్ రిలీజ్, అంటే ప్రమాదంలో కైట్ బలాన్ని ఒక్క తోపుతో వదిలించే కొక్కెం. ఒడ్డున, కైట్ తగిలించకముందే, హార్నెస్‌కి తగిలించి బరువు వేసి విడిపించి చూడండి. ఒక్క తోపుకి ఊడిరావాలి. రెండుసార్లు తోయాల్సి వస్తే లోపల ఇసుక చేరినట్టే. మంచినీళ్ళలో ముంచి పదిసార్లు ఆడిస్తే పోతుంది. పోకపోతే ఆ బార్ తిరిగిచ్చేయండి.

మూడోది, గాలి ఒత్తిడి. కైట్ ముందు అంచున గాలి నింపే గొట్టంలో 12 మీటర్ల కైట్‌కి 6 పీఎస్‌ఐ దగ్గర, 7 మీటర్ల దానికి 8 దాకా పడుతుంది. కైట్ మీద అచ్చు వేసిన సంఖ్య ఉంటే దాన్నే పాటించండి. వేలితో మీటితే డప్పులా గట్టిగా మోగాలి. తక్కువ కొడితే గాలి విసురుకి కైట్ మధ్యలో మడిచిన దోసెలా ముడుచుకుంటుంది. ఎక్కువ కొట్టి మధ్యాహ్నం ఎండలో వదిలేస్తే కుట్లు పిగులుతాయి. భోజనానికి వెళ్ళేటప్పుడు గాలి తీసి మడిచి నీడలో పెట్టండి, ఇసుక మీద పటపటా కొట్టుకుంటూ ఉంటే గుడ్డ ఆయుష్షు తరిగిపోతుంది.

నాలుగోది, రంగులు. ఎర్ర కొస ఎడమ చేతికి. తాళ్ళు పరిచాక వేళ్ళ మధ్య పట్టుకుని బార్ నుంచి కైట్ దాకా నడవండి. ఒక వెనక తాడు ముందు తాడు మీదుగా దాటినా ఎగరేసిన మరుక్షణం కైట్ గిర్రున తిరుగుతుంది, ఆపడం మీ వశంలో ఉండదు.

---

భీమిలి_తీరం

చాలా చాలా కృతజ్ఞతలు. రుషికొండ ఆలోచన మానేశాం, మైదానం చూసుకుంటాం. రామేశ్వరమే ఖాయం.

ఇంకో రెండు సందేహాలు. గాలి ఎలా ఉంటుందో ముందురోజు ఏది చూసి నమ్మాలి? 75 కిలోల వారు ఒంటరిగా పోతుండగా లోతులో కైట్ పడి లేవకపోతే ఏం చేయాలి? పాఠంలో ఒకసారి చూపించారు గానీ క్రమం గుర్తు లేదు.

---

పైరగాలి

గాలి అంచనాలు చెప్పే విండీ, విండ్‌గురు రెండూ చూడండి, కానీ ఒకే వాతావరణ నమూనా మీద ఆధారపడొద్దు. యూరోపియన్ నమూనా, అమెరికన్ నమూనా పక్కపక్కన పెట్టి, రెండూ ఒకే మాట చెబితే నమ్మండి. 5 నాట్స్ కన్నా తేడా ఉంటే పొద్దున ఒడ్డుకి వెళ్ళి చూసి తేల్చుకోవడమే. నేల వేడెక్కాక సముద్రం మీంచి వచ్చే గాలి రుతుపవనానికి తోడవుతుంది. మధ్యాహ్నం అంచనాని మించి 3, 4 నాట్స్ వీయడం అందువల్లే. కాబట్టి కొత్త ఇద్దరి పాఠాలూ పొద్దుటి పూట పెట్టించండి, మధ్యాహ్నం 75 కిలోల వారికి.

కెరటాలకి మాత్రం మన హైదరాబాద్‌లోనే ఉన్న సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ చూడండి. ఎత్తైన అలలకీ, ఉప్పెన కెరటాలకీ జిల్లాల వారీగా హెచ్చరికలు ఇస్తుంది. రామనాథపురం పేరు ఉన్న రోజు దక్షిణపు ఒడ్డుకు పోవద్దు.

సముద్రం పైనా చూడండి: నీళ్ళ మీద తెల్ల నురుగు తలలు అక్కడక్కడ కనిపిస్తే 12 నాట్స్ దాటినట్టు. ఎటు చూసినా అవే ఉంటే 18 పైన. గాలి వచ్చే వైపు నల్లమబ్బు గోడలా లేస్తుంటే ఏ యాప్ ఏం చెప్పినా కైట్ దింపేయండి. వాన ముందు విసురు రెండు నిమిషాల్లో 15ని 35 చేస్తుంది.

---

నాలుగు_తాళ్ళు

రెండో సందేహానికి క్రమం ఇది. మొదటి రోజే నడుము లోతు నీళ్ళలో, పక్కన మనిషి ఉండగా, మొదట్నుంచి చివరిదాకా రెండుసార్లు చేయండి.

కైట్ పడి ఐదు నిమిషాలు ప్రయత్నించినా లేవలేదంటే, లేదా గాలి చచ్చిపోయిందంటే, క్విక్ రిలీజ్ తోసేయండి. బార్ మీ నుంచి దూరంగా జారిపోతుంది, కైట్ ఒకే ఒక్క ముందు తాడు మీద వేలాడి బలం కోల్పోతుంది. ఇప్పుడు మీ నడుముకి తగిలి ఉన్న సేఫ్టీ పట్టీ వెంట, ఒక చేతి తర్వాత ఒక చెయ్యి వేసుకుంటూ బార్ దాకా చేరండి. ఈ దశలో తాడుని అరచేతికో వేలికో చుట్టుకోవడం అన్నిటికన్నా ప్రమాదం. కైట్ ఒక్కసారి గాలి పట్టిందంటే ఆ సన్నని తాడు వేలిని కోసేస్తుంది.

బార్ అందాక మొదట ఆ ఒక్క సేఫ్టీ తాడునే బార్‌కి చుట్టండి, పదిహేను చుట్లు దాకా. మిగతా మూడూ వదులుగానే ఉండాలి. ఎందుకంటే మధ్యలో బార్ చేజారినా బిగుసుకునేది ఆ ఒక్క తాడే, కైట్‌కి బలం రాదు. నాలుగూ కలిపి మొదట్నుంచీ చుట్టేస్తే, జారిన క్షణంలో కైట్ పూర్తి బలంతో లేచి మిమ్మల్ని ఈడ్చుకుపోతుంది. చాలామంది చేసే తప్పు ఇదే. ఆ చుట్లు అయ్యాక నాలుగూ కలిపి చుట్టుకుంటూ కైట్ వైపు సాగండి. దగ్గరయ్యాక బార్ కొసన ఒక ముడి వేసి బిగించండి.

కైట్ చేరాక ముందు గొట్టంలో గాలి తీయవద్దు. అది మీ పడవ. గొట్టం పక్కన చేరి, ఒక రెక్క కొసని మీ వైపు వంచి, రెండో కొసకి కట్టిన తాళ్ళని పట్టుకుంటే కైట్ విల్లులా వంగి తెరచాప అవుతుంది. గాలి ఒడ్డు వైపు ఉంటే అదే మిమ్మల్ని చేరుస్తుంది. దిక్కు 30 డిగ్రీల దాకా మార్చుకోవచ్చు. బోర్డు దూరంగా పోతే పోనివ్వండి, దాని కోసం కైట్ వదలొద్దు.

హార్నెస్‌లో చిన్న కొంకి కత్తి ఉండాలి. వల తాళ్ళలో కాలు చిక్కుకున్నా అదే అక్కరకొస్తుంది. అక్కడ లోతు తక్కువ నీళ్ళలో జాలర్లు కర్రలు పాతి వలలు కడతారు. పొద్దున్నే వాళ్ళనడిగి వలలు ఎక్కడున్నాయో తెలుసుకోండి. వల మీదుగా పోయి తెంపితే అది వాళ్ళ ఆ రోజు కూడు.

---

ఎదురు_గాలి

ఆలస్యంగా చూశాను. కల్పిటియా ఎప్పుడైనా పనికొస్తుందని రెండు ముక్కలు: కటునాయకె విమానాశ్రయం నుంచి కారులో మూడు గంటల పైనే. సముద్రానికీ మడుగుకీ మధ్య సన్నని ఇసుక దిబ్బ, గాలి దిబ్బ మీదుగా మడుగులోకి వస్తుంది కాబట్టి అల లేదు, గాలి మాత్రం నిండుగా ఉంటుంది. ఎదురెక్కడం వచ్చినవాళ్ళకి స్వర్గం. జులై, ఆగస్టుల్లో మడుగు నిండా యూరప్ నుంచి వచ్చినవాళ్ళుంటారు, అదుపు రాని కైట్‌తో ఆ గుంపులో దిగడం ఎవరికీ మంచిది కాదు. వచ్చే ఏడాదికి పెట్టుకోండి.

రామేశ్వరం ప్రయాణానికి: మదురై విమానాశ్రయం నుంచి రోడ్డున 170 కిలోమీటర్లు పైచిలుకు. దేశంలోపలి చాలా విమానాల్లో సామాను 15 కిలోలే. రెండు కైట్లు, బార్, పంపు, బోర్డు కలిస్తే 20 దాటుతుంది. మదురైకి చిన్న ఏటీఆర్ విమానం అయితే 145 సెంటీమీటర్ల సంచి పడుతుందో లేదో టికెట్ కొనకముందే అడగండి. చెన్నై మీదుగా రాత్రి రైలు హాయి. 2025 ఏప్రిల్‌లో కొత్త పాంబన్ వంతెన తెరిచాక రైలు మళ్ళీ దీవి దాకా పోతోంది. కింది బెర్తు తీసుకుంటే సంచి దాని కింద పెట్టుకోవచ్చు.

చట్టం సంగతి గట్టిగా చెబుతున్నాను. అది సరిహద్దు తీరం, ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి. ఒడ్డుకి అర కిలోమీటరు దాటి పోవద్దు. మన్నార్ సింధుశాఖ సముద్ర జాతీయ ఉద్యానంలో 21 దీవులున్నాయి, అనుమతి లేకుండా వాటి మీద కాలు పెట్టడం నిషేధం. విదేశాల నుంచి తెప్పించుకున్న ఉపగ్రహ సందేశ పరికరం ఏదైనా ఉంటే ఇంట్లోనే వదిలేయండి, అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడం మన దేశంలో నేరం. దాని బదులు నీళ్ళు చొరబడని సంచిలో మామూలు ఫోను, మెడలో ఈల. డ్రోన్ కూడా వద్దు.

ఒంటికి: నీళ్ళు వెచ్చగానే ఉంటాయి, వెట్‌సూట్ అక్కర్లేదు. పొడుగు చేతుల లైక్రా, నీళ్ళలో వేసుకునే పలచని అడుగున్న బూట్లు చాలు. అడుగున నత్తగుల్లలు అరికాలిని చీల్చేస్తాయి. టేకు చేప (తోకకి ముల్లుండే స్టింగ్‌రే) ఇసుకలో దాక్కుంటుంది కాబట్టి అడుగెత్తి వేయకుండా పాదాన్ని ఈడ్చుకుంటూ నడవండి, అలికిడికి అదే పోతుంది. దెబ్బ పెద్దదైతే 55 కిలోమీటర్ల దూరంలో రామనాథపురం, ఆ తర్వాత మదురై. ప్రయాణ బీమాలో కైట్‌సర్ఫింగ్ అన్న మాట రాసి ఉందో లేదో చూసుకోండి, జల క్రీడలు అని మాత్రమే ఉంటే మెయిల్ పెట్టి రాతపూర్వకంగా అడగండి.

---

నాలుగు_తాళ్ళు

మరమ్మతు సంచి ఒకటి మర్చిపోయాను. గుడ్డ చిరుగులకి రిప్‌స్టాప్ టేపు, గొట్టం లోపలి బ్లాడర్‌కి నాలుగు అతుకులు, ఒక అదనపు వాల్వు, ఎం6 మరలు ఆరు, పెద్ద స్టార్ స్క్రూడ్రైవర్, స్పిరిట్‌లో తడిపిన దూది.

గాలి మెల్లగా పోతుంటే ముందు వాల్వు చుట్టూ సబ్బునీళ్ళు పూయండి, సగంసార్లు తప్పు అక్కడే ఉంటుంది. బుడగ రాకపోతే బ్లాడర్ బయటికి తీయాలి. తీసేముందు దాని రెండు కొసలకీ పొడవాటి దారం కట్టడం మరవకండి, తిరిగి లోపలికి లాగేది ఆ దారంతోనే. బాత్రూమ్‌లో బకెట్ నీళ్ళలో కొంచెం కొంచెంగా ముంచుతూ పోతే చిల్లు బుడగలు వదులుతుంది. పెన్నుతో చుట్టూ గీసి, పూర్తిగా ఆరనిచ్చి, స్పిరిట్‌తో తుడిచి, అతుకు వేసి చెంచా వెనక వైపుతో రెండు నిమిషాలు గట్టిగా రుద్దండి. రాత్రి వేస్తే పొద్దుటికి సిద్ధం. తిరిగి పెట్టేటప్పుడు మెలిక పడకుండా చూసుకుని, మొదట సగం ఒత్తిడే కొట్టి పదినిమిషాలు ఆగండి. మెలిక ఉంటే ఆ చోట గొట్టం సన్నగా నొక్కుకుపోయినట్టు కనిపిస్తుంది. అలాగే పూర్తి ఒత్తిడి కొట్టారో, కొత్త చిల్లు అక్కడే పడుతుంది.